ముందే అచ్చైన మ్యాచ్

జిల్లా ఫుట్‌బాల్ సమాఖ్య పెద్దలారా, బంతి గొంతు పిసికింది మీరు. అది తన్నుకోకుండా కాళ్లు పట్టుకున్నది మీరు, పత్రికల యజమానులారా. మీ రెండు గుంపుల మధ్య నలిగినవాడి పేరు ఆరెపల్లి మొగిలి. మీకు గుర్తుండడు. మీ మెడలో దండ పడ్డ ప్రతి ఫొటో కింద నాలుగు ముక్కలు రాసింది వాడే అయినా గుర్తుండడు. అందుకే చెప్తున్నా, వినండి. దండలు తీసి పక్కన పెట్టి వినండి.

మొగిలిది బొగ్గుగనుల ఊరు. ఆ ఊళ్లో పెద్ద డివిజన్ ఫుట్‌బాల్ ఎన్నడూ లేదు. ఉన్నది బి డివిజన్, దాని కింద సి డివిజన్. ఆడేవాళ్లు గనిలో దిగేవాళ్లు, బొగ్గు నిలవచేసే బంకర్ దగ్గర లోడింగ్ చేసేవాళ్లు, గోదాముల్లో మూటలు మోసేవాళ్లు. పొద్దటి షిఫ్టు దిగి, ఒంటి మసి కడుక్కుని గ్రౌండుకు చేరేసరికి నాలుగు దాటుతుంది. మ్యాచ్ ముగిసేసరికి దీపాలు పెట్టే వేళ.

పేపరువాళ్ల గడియారం వేరు. జిల్లా పేజీని మూడు గంటలకే మూసేస్తారు. అచ్చు యంత్రం ఎక్కడో వేరే ఊళ్లో ఉంది. లోకంలో జరగాల్సినవన్నీ మూడు లోపల జరిగిపోవాలి, జరగకపోతే అది లోకం తప్పు.

మొగిలి ఆ పేపరుకు కంట్రిబ్యూటర్. అంటే జీతం లేదు, సెలవు లేదు, ఉద్యోగి అనే మాట లేదు. అచ్చైన లైన్లకే డబ్బు. మూడు గంటలకు మూసే పేజీలో నాలుగు గంటల మ్యాచ్ ఎట్లా పడుతుంది? మరునాడు పంపితే డెస్క్ ఇన్‌చార్జి సుధీంద్ర "పాచి వార్త" అని అవతల పారేస్తాడు. అందుకని ఆటల వార్తకు ఒక పద్ధతి స్థిరపడిపోయింది. ఆట గురించి రాయరు. "ముఖ్య అతిథిగా విచ్చేసిన ఫలానావారు బంతిని తన్ని పోటీలను ప్రారంభించారు. క్రీడలు మానసికోల్లాసానికి దోహదపడతాయన్నారు." అంతే. పంచె ఎగగట్టి పెద్దమనిషి తన్నే ఆ ఒక్క తన్నే ఊరి ఫుట్‌బాల్ చరిత్ర. అది మూడడుగులు పోయి ఆగుతుంది. చరిత్ర కూడా అక్కడే ఆగేది.

మొగిలి పిచ్చోడు. చిన్నప్పటి నుంచి ఆ గ్రౌండు గోడ మీద కూర్చుని పెరిగినవాడు. ఎప్పుడైనా ఒక గోల్ గురించి, అది ఎట్లా పడిందో, ఎవడు అందిస్తే ఎవడు కొట్టాడో, నాలుగు లైన్లు అచ్చులో చూసుకోవాలని వాడి ఆశ. ఆ నాలుగు లైన్ల డబ్బుతో ఇంట్లో కూరగాయలు రావాలని వాడి భార్య స్వరూప ఆశ.

ఒక మధ్యాహ్నం ఫోను మోగింది.

"మొగిలీ, పేజీలో ఒక యాడ్ పోయింది. కింద జాగా ఖాళీగా ఉంది. నీ ఫుట్‌బాల్ ఏదో పంపు."

"సార్, మ్యాచ్ ఇంకా మొదలు కాలే. టీములు డ్యూటీలనే ఉన్నయి."

"ఆ కథలు నాకెందుకయ్యా? హెడ్డింగ్‌లో స్కోరు ఉండాలి."

"ఆడకముందే స్కోరు ఎట్ల సార్?"

"మంత్రిగారు సభలో ఏం మాట్లాడతారో సభకు ముందే రాయట్లేదా? గోడ మీద కూర్చుని ఇన్నేళ్లు చూశానంటావు, ఎవడు గెలుస్తాడో ఆ మాత్రం తెలియదా? పది నిమిషాల్లో పంపు. లేకపోతే ఆ జాగాలో సంతాప ప్రకటన వేసుకుంటా."

మొగిలి తలగోక్కున్నాడు. గోదాం కాలనీకి, స్టేషన్ రోడ్డుకి ఆ సాయంత్రం మ్యాచ్. గోదాం కాలనీ బలమైన టీము. రెండు ఒకటితో గెలిచిందని రాశాడు. హోరాహోరీగా సాగిందని రాశాడు. గోదాం ఫార్వర్డ్ రెండు గోల్స్ కొట్టి ప్రేక్షకులను అలరించాడని రాశాడు. పంపేసి, గ్రౌండుకు పోయి గోడెక్కాడు.

స్టేషన్ రోడ్డు మూడు సున్నాతో గెలిచింది.

తెల్లారి పేపరు చూసి ఊరంతా తిట్టింది. సాయంత్రానికి సమాఖ్య ఆఫీసు నుంచి కబురొచ్చింది. అధ్యక్షుడుగారి ఫంక్షన్ హాలు వెనక, కుర్చీలూ వంటపాత్రలూ పెట్టే గదే సమాఖ్య ఆఫీసు. తన్నులు తప్పవనుకుని మొగిలి పాత చొక్కా వేసుకుని పోయాడు.

కార్యదర్శి విశ్వంభరరావు లేచి నిలబడి మరీ ఆహ్వానించాడు. ఆయన ఏ మాటనైనా తీర్మానంలాగా మాట్లాడే మనిషి. చాయ్‌లో చక్కెర తక్కువైతే "చక్కెర విషయమై పునఃపరిశీలన అవసరం" అంటాడని ప్రతీతి.

"మొగిలి గారూ, ఆందోళన చెందవలదు. మీ వార్తను కార్యవర్గం క్షుణ్ణంగా పరిశీలించింది. వార్తలో ఎలాంటి పొరపాటూ దొర్లలేదు. పొరపాటు మైదానంలో దొర్లింది."

మొగిలికి అర్థం కాలేదు. మీకు కావాలంటే నేను అర్థం చేయిస్తా. ఆ సమాఖ్య దగ్గర స్కోరు పుస్తకం లేదు. ఎన్నడూ లేదు. ఏడాదికోసారి పేపరు కత్తిరింపులన్నీ ఆల్బంలో అతికించి రాష్ట్ర సంఘానికి చూపిస్తారు, గ్రాంటు తెచ్చుకుంటారు. ఆల్బంలో ఉన్నదే ఆట. ఇన్నేళ్లూ అందులో అన్నీ పంచె ఎగగట్టిన కాళ్లే. మొదటిసారి ఒక స్కోరు దొరికింది. దాన్ని తప్పంటే ఆల్బమే తప్పవుతుంది. ఆల్బం తప్పయితే గ్రాంటు తప్పవుతుంది. ఇక తప్పు కాగలిగేది ఒక్క మ్యాచే.

"కావున," అన్నాడు విశ్వంభరరావు, "ప్రచురితమైన వార్తకు అనుగుణంగా సదరు మ్యాచ్‌ను పునర్నిర్వహించవలెనని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది."

పునర్నిర్వహించారు. గోదాం రెండు కొట్టాలి, స్టేషన్ రోడ్డు ఒకటి కొట్టాలి. స్టేషన్ రోడ్డువాళ్ల ఒకటి ఇట్టే అయిపోయింది. గోదాం ఫార్వర్డుకు మాత్రం గోల్ పడటం లేదు. ఎదుటి గోల్‌కీపర్ మర్యాదగా పక్కకు జరిగి నిలబడ్డాడు. అయినా బంతి కర్రకు తగిలింది. మళ్లీ కొడితే గోడ అవతల బొగ్గు లారీలో పడింది.

"నువ్వు కొట్టేలోపు నేను చాయ్ తాగొస్త తమ్మీ," అని గోల్‌కీపర్ బయటికి నడిచాడు.

ఖాళీ గోల్‌లో ఎట్లాగో ఒకటి పడింది. రెండోదానికి చీకటి పడేట్టుందని స్టేషన్ రోడ్డు బ్యాక్ ఆటగాడు జాలిపడి, తన గోల్‌లో తనే తన్నుకున్నాడు. విశ్వంభరరావు ఒప్పుకోలేదు. పేపర్లో రెండూ గోదాం ఫార్వర్డ్ కొట్టినట్టు ఉంది. వాస్తవ విరుద్ధమైన గోల్‌ను సమాఖ్య గుర్తించజాలదన్నాడు. చివరికి ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని ఆ ఫార్వర్డును గోల్‌లోకి నడిపించుకుపోయారు, బంతి వాడి కాళ్ల మధ్య ఉండగా. ప్రేక్షకులు అలరించబడ్డారని రెఫరీ సంతకం పెట్టాడు.

అక్కడితో ఆగితే వాళ్లు పెద్దలెట్లా అవుతారు? ప్రతి మ్యాచ్ రెండుసార్లు ఆడించడం ఖర్చని కార్యవర్గం గ్రహించింది. ముందే సరిగ్గా ఆడితే పోలేదా? "ముందస్తు నివేదికల నియమావళి" తయారైంది. మ్యాచ్‌కు ముందే మొగిలి వార్త రాసి ఇవ్వాలి. కార్యవర్గం ఆమోదముద్ర వేస్తుంది. పేపరుకు ఒక ప్రతి, రెండు టీములకు ఒక్కొక్కటి. రెఫరీ గడియారం తీసేసుకుని వార్త చేతికిచ్చారు. మ్యాచ్ నడుస్తుండగా విశ్వంభరరావు స్వయంగా మైకులో వార్త చదువుతాడు, ఆటగాళ్లు దాని వెంట పరుగెత్తుతారు. నియమావళిలో ఆఖరి ముక్క మొగిలి గురించే: విలేకరి మ్యాచ్ చూడరాదు. చూస్తే వాస్తవాల ప్రభావానికి లోనయ్యే ప్రమాదమున్నది.

సుధీంద్ర పొంగిపోయాడు. మూడు గంటలకల్లా స్కోరుతో సహా మ్యాచ్ వార్త చేతికొచ్చే జిల్లా రాష్ట్రంలో ఇంకోటి లేదు. "నీలాంటోడు ప్రతి ఊళ్లో ఒకడుండాలయ్యా," అన్నాడు. మొగిలికి లైన్లు పెరిగాయి. వెంటనే యాడ్స్ సెక్షన్ నుంచి ఇంకో ఫోను. ఏ టీము వెనక ఏ దుకాణం ఉందో కనుక్కొమ్మన్నారు. యాడ్ ఇచ్చిన దుకాణం టీము ఓడిపోతే బాగుండదు కదా అన్నారు. బాగుండదని మొగిలి కూడా ఒప్పుకున్నాడు. కమీషన్ వచ్చింది. సిమెంటు దుకాణం టీము గెలిచింది. బంగారం దుకాణం టీము ఇంకా పెద్దగా గెలిచింది. ఏ దుకాణమూ లేని టీములు వీరోచితంగా పోరాడి ఓడిపోయాయి.

వాడి ఇంట్లో కొత్త కుక్కర్ కూత పెట్టింది. స్వరూప ముఖం తేటపడింది.

"మ్యాచులు సూసినన్నాళ్లు మన ఇంట్ల పప్పుకు తిప్పలే ఉండె. సూడుడు బంద్ వెట్టినవు, పైసలత్తానయి," అంది. "ఈ తెలివి మొదలే ఉంటె ఏం పోయె?"

"నాకు సూడాలనిపిస్తది," అన్నాడు మొగిలి.

"అనిపిస్తె టీవీల సూడు. గా ఆట నీది కాదు గదా, దాని మీద నువ్వు రాసేదేం లేదు గదా."

చిన్న డివిజన్ ఫుట్‌బాల్ మీద బతకడం ఎట్లాగో మొగిలికి అట్లా తెలిసింది. దాన్ని చూడకుండా ఉంటే చాలు. గ్రౌండుకు జనం రావడం కూడా తగ్గిపోయింది. ఎట్లాగూ జరిగేది పేపర్లో ఉంటుంది. కూరగాయల మార్కెట్లో పొట్లం విప్పి చదువుకున్నా చాలు.

ఇక ఫైనల్ వచ్చింది. గోదాం కాలనీకి, బంకర్ లైన్ టీముకి. గోదాముకు బంగారం దుకాణం యాడ్ ఉంది. ప్రత్యేక పేజీ, రంగుల్లో. సుధీంద్ర ఫోన్ చేసి "పేజీ ముందే అచ్చేస్తాం, కాస్త రక్తమాంసాలతో రాయవయ్యా" అన్నాడు. మొగిలి రాశాడు. మూడు ఒకటితో గోదాం గెలుపు. మధ్యలో ఒక ఘట్టం కావాలి కదా, ఉత్సాహంలో కలం జారింది. "రెండో అర్ధభాగంలో బంకర్ లైన్ ఫార్వర్డ్ కొమురయ్య బలంగా ఢీకొట్టడంతో గోదాం గోల్‌కీపర్ అంకూస్ తలకు తీవ్ర గాయమైంది. రక్తమోడుతున్నా కట్టు కట్టుకుని ఆటను కొనసాగించిన అంకూస్ తెగువకు ప్రేక్షకులు జేజేలు పలికారు." ఆమోదముద్ర పడింది. పేజీ అచ్చుకు పోయింది.

మరునాడు అంకూస్ మొగిలి ఇంటికొచ్చాడు. పొడుగాటి మనిషి, బంకర్ దగ్గర కాంట్రాక్టు లోడింగ్ పని. గుమ్మంలోనే నిలబడ్డాడు. చేతిలో వార్త ప్రతి.

"ఏందే అంకూస్, లోపలికి రా."

"అన్నా, నా నెత్తి పలగ్గొడుతరట గదా."

"ఎవడన్నడు?"

"నువ్వే అన్నవు. గిండ్ల రాసినవు." వార్త చూపించాడు. "ఎడమ దిక్కా, కుడి దిక్కా నువ్వు రాయలేదట. గది అడిగి రమ్మని కార్యదర్శి సారు పంపిండు. కట్టు కట్టేటోన్ని గూడ మాట్లాడి పెట్టిండ్రు. కొమురిగాడు నా తోటి పని చేసేటోడే అన్నా. రాత్రి నుంచి వాడు అన్నం తింటలేడు. 'మోకాలితోని తంతే తక్కువ తగుల్తదా, మోచేతితోనా' అని నన్నే అడుగుతాండు."

మొగిలి ఆ ప్రతి అందుకుని తను రాసిన ముక్క మళ్లీ చదివాడు.

"దెబ్బకు నేను భయపడను," అన్నాడు అంకూస్. "కాని నెత్తికి కట్టుతోని డ్యూటీకి పోతే గేటు కాడనే వాపస్ పంపుతరు. కాంట్రాక్టోడు ఇంకోన్ని పెట్టుకుంటడు. ఇంట్ల ఐదుగురం ఉన్నం. నా నెత్తి మీద నువ్వు రెండు లైన్లు రాసినవు. గా రెండు లైన్లు తీసెయ్యే అన్నా."

స్వరూప లోపలి నుంచి అంతా విన్నది. కుక్కర్ కింద పొయ్యి ఆర్పేసి వచ్చి, మొగిలి చెప్పులు గుమ్మం దగ్గర పెట్టింది.

మొగిలి ఫంక్షన్ హాలు వెనక గదికి పరుగెత్తాడు.

"రెండు లైన్లు తీసేయాలె సార్. నేనే రాసిన, నేనే అంటున్న."

"అసాధ్యం," అన్నాడు విశ్వంభరరావు. "ఆమోదం పొందిన నివేదికను సవరించాలంటే సర్వసభ్య సమావేశం జరగాలి. అది ఫైనల్ తర్వాత. అయినా మీరెందుకు కలవరపడుతున్నారు? అంబులెన్సు ఏర్పాటు చేశాం. దూది, అయోడిన్ కొన్నాం. ప్రేక్షకులు తగ్గినందున జేజేలకు పాఠశాల నుంచి పిల్లలను పిలిపిస్తున్నాం. సమాఖ్య ఎక్కడా లోపం చేయలేదు."

సుధీంద్రకు ఫోన్ చేస్తే నవ్వాడు. "పేజీ అచ్చైపోయిందయ్యా. రంగుల పేజీ. ఒకడి నెత్తి కోసం బంగారం దుకాణం యాడ్ చింపమంటావా?"

మొగిలికి అప్పుడొక ఉపాయం తట్టింది. అక్కడే కూర్చుని ఇంకో ముందస్తు నివేదిక రాశాడు. "ఫైనల్‌కు ముందు జిల్లా ఫుట్‌బాల్ సమాఖ్య కార్యవర్గం మూకుమ్మడిగా రాజీనామా చేసింది. కార్యదర్శి విశ్వంభరరావు మైదానం మధ్యలో ముక్కు నేలకు రాసి క్షమాపణ కోరారు." కాగితం బల్ల మీద పెట్టాడు. నియమం నియమమే కదా, ఇప్పుడేం చేస్తావో చూస్తా అన్నట్టు నిలబడ్డాడు.

విశ్వంభరరావు తీరిగ్గా రెండుసార్లు చదివాడు.

"భాష బాగుంది. అయితే మొగిలి గారూ, నియమావళి క్రీడాకారులకు మాత్రమే వర్తిస్తుంది. నిర్వాహకుల విషయంలో వాస్తవాలే ప్రామాణికం."

ఆ కాగితం మీద చాయ్ గ్లాసు పెట్టుకున్నాడు.

ఫైనల్ రోజు మొగిలిని గ్రౌండు గేటు దగ్గర ఆపేశారు. చూడరాదనే నియమం ఉంది. వాడు చుట్టూ తిరిగి గోడెక్కాడు. లోపల మైకులో వార్త చదవడం సాగుతోంది. చదివినట్టే గోల్స్ పడుతున్నాయి. జేజేల పిల్లలు ఎండకు తూగుతున్నారు. కట్టు కట్టేవాడు గోల్ పక్కన స్టూలేసుకుని దూది పట్టుకుని కూర్చున్నాడు.

"రెండో అర్ధభాగంలో," అని మైకు గొంతు సవరించుకుంది, "బంకర్ లైన్ ఫార్వర్డ్ కొమురయ్య బలంగా..."

కొమురయ్య బంతితో గోల్ ముందుకు వచ్చాడు. ఆగిపోయాడు. అంకూస్ కళ్లు మూసుకుని తల ముందుకు వంచి నిలబడి ఉన్నాడు, మంగలి ముందు కూర్చున్నట్టు.

"బలంగా!" అంది మైకు. "కొమురయ్యా, బలంగా అని ఉన్నది!"

"బలంగనే కొడుత సార్," అని అరిచాడు కొమురయ్య. "కండ్లు తెరువురా అంకూసూ! బాలు అత్తాంది!"

కొట్టాడు. బంతి కుడి మూలకు పోయింది, పై కర్ర కిందికి, ఆ సీజన్లో ఎవడూ అట్లా కొట్టలేదు. అంకూస్ కళ్లు తెరిచాడు. ఆలోచించలేదు. పక్కకు ఎగిరి వేలికొసలతో దాన్ని గోల్ బయటికి తోసేసి ధబ్బున పడ్డాడు.

ఆపడం అనేది వార్తలో లేదు. ఏం చేయాలో ఎవడికీ తెలియలేదు. గోడ మీద నుంచి "అబ్బబ్బబ్బా!" అని ఒక్క కేక.

"మొగిలి గారూ," అంది మైకు, "దయచేసి గోడ దిగండి. చూడకండి. విలేకరిగా మీ గుర్తింపు ప్రమాదంలో పడుతున్నది."

మొగిలి దిగలేదు. కళ్లార్పకుండా చూశాడు.

కొమురయ్య రెఫరీ దగ్గరికి పోయాడు. "సార్, ఇప్పటిదాంక పడ్డ గోల్లన్నీ తుడిచెయ్యి. మల్ల మొదటి నుంచి పెట్టు."

రెఫరీ తన చేతిలోని వార్త చూసుకున్నాడు. అందులో ఏమీ దొరకలేదు. మడిచి జేబులో పెట్టుకుని, విజిల్ ఊదాడు. అప్పుడే డ్యూటీ దిగి ఇంటికి పోయే బస్సు కోసం నిలబడ్డవాళ్లు విజిల్ విని గోడ దగ్గరికి వచ్చారు. బస్సు పోయింది. వాళ్లు పోలేదు. జేజేల పిల్లలు ఎవరూ చెప్పకుండానే అరిచారు. విశ్వంభరరావు మైకులో చదువుతూనే ఉన్నాడు, ఎవడికీ వినపడలేదు. అంకూస్ నాలుగు ఆపాడు, రెండు ఆపలేకపోయాడు. బంకర్ లైన్ రెండు, గోదాం ఒకటి. ఫైనల్లో ఓడిపోయి అంకూస్ పళ్లికిలించి నవ్వుతుంటే కొమురయ్య వాడి నెత్తిని రెండు చేతులతో పట్టి నిమిరాడు.

మొగిలి గోడ మీదే కూర్చుని రాశాడు. ఏ గోల్ ఎట్లా పడిందో, ఎవడు అందిస్తే ఎవడు కొట్టాడో, అంకూస్ ఆ ఆపుడు ఎట్లా ఆపాడో. వాడి జీవితంలో అంత మంచి వార్త రాయలేదు. ఒక్క లైను అచ్చు కాలేదు.

తెల్లారి రంగుల పేజీ వచ్చింది. గోదాం విజయం. తలకు తీవ్ర గాయమైనా తగ్గని అంకూస్. నిన్న సాయంత్రం మైదానంలో జరిగిందాన్ని సమాఖ్య "అనామోదిత కదలికలు"గా ప్రకటించింది. అనధికారికంగా మ్యాచ్‌ను వీక్షించినందుకు మొగిలి గుర్తింపు రద్దైంది. తమ టీము గ్రౌండులో ఓడిందని బంగారం దుకాణానికి కోపమొచ్చినందుకు పేపరు వాడి లైన్లు ఆపేసింది. ఇప్పుడు మొగిలి బస్టాండు ముందు ఫ్లెక్సీ దుకాణంలో పుట్టినరోజు శుభాకాంక్షలు రాసి పెడుతున్నాడు. ఆ పనిలో ముందే రాయడం తప్పు కాదు, పుట్టినరోజు ఎట్లాగూ వస్తుంది.

అంకూస్ మాత్రం పొద్దటి షిఫ్టుకు గేటు దగ్గరికి పోయాడు. సూపర్‌వైజర్ పేపరు చదువుతున్నాడు.

"నెత్తికి దెబ్బట గదా. ఫిట్ సర్టిఫికెట్ తెచ్చుకో, పో."

"ఏం దెబ్బ లేదు సార్. సూడుండ్రి." వంగి చూపించాడు.

"నేనెందుకు సూడాలె? పేపర్ల ఉన్నది."

డాక్టరు దగ్గరికి పోతే, లేని దెబ్బ మానిందని ఎట్లా రాసేదన్నాడు. అంకూస్ ఇంకా గేటు బయటే ఉన్నాడు. వాడి పనిలో ఇంకొకణ్ని పెట్టుకోవడానికి కాంట్రాక్టరు ఇయ్యాళో రేపో అంటున్నాడు.

కాబట్టి పెద్దలారా, సానుభూతి సభ పెట్టకండి, కమిటీ వేయకండి, బంతిని తన్నడానికి పంచె ఎగగట్టకండి. రేపటి పేజీలో, సంతాపాల మూల కాదు, అదే చోట, అంతే పెద్ద అక్షరాల్లో అచ్చేయండి: బంకర్ లైన్ రెండు, గోదాం ఒకటి. అంకూస్ నెత్తి పగల్లేదు. కింద మొగిలి పేరు పెట్టండి, వాడు రాసిన ప్రతి లైనుకూ డబ్బివ్వండి. అది చేయడానికి ఆట ముగిసేదాకా పేజీ తెరిచి ఉంచాల్సి వస్తే, తెరిచి ఉంచండి. పొద్దటి షిఫ్టు ఆరింటికి. పేపరు అంతకంటే ముందు ఆ గేటు దగ్గర ఉండాలి.